ఫాస్ట్, ఫాస్టర్, ఫాస్టెస్ట్ అని 20 సార్లు రాస్తే వస్తుందా?



ఈ నెల గోడ పత్రికలో ‘నా అభిప్రాయం’ శీర్షిక 9వ తరగతి వంతు. మా క్లాసు వాళ్లు నన్ను రాయమన్నారు. పోయిన నెల పరిశుభ్రత గురించి వచ్చింది, అంతకు ముందు నెల చెట్ల పెంపకం గురించి వచ్చింది. అవి బాగున్నాయి. నేను మాత్రం ఇంగ్లీషు గ్రామర్ గురించి రాస్తున్నాను. గ్రామర్‌లో అభిప్రాయం ఏముంటుంది, ఉన్నది నేర్చుకోవడమే గదా అని మీరు నవ్వవచ్చు. ముందు చదవండి, తర్వాత నవ్వండి.

6వ తరగతి చెల్లెళ్లు కూడా చదవాలని ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు అక్షరాలతోనే రాశాను. స్పెల్లింగులు మీ టెక్స్ట్ బుక్కులో చూసుకోండి.

మన 8, 9 తరగతులకు ఇప్పుడు అడ్వర్బుల డిగ్రీలు జరుగుతున్నాయి. అంటే పాజిటివ్, కంపారిటివ్, సూపర్లేటివ్. సాయంత్రం స్టడీ అవర్‌లో మనం చేసేది ఏమిటి? స్కేలు పెట్టి మూడు గళ్లు గీస్తాం. మొదటి గడిలో ఫాస్ట్, రెండో గడిలో ఫాస్టర్, మూడో గడిలో ఫాస్టెస్ట్. అట్లా 15 మాటలు, ఒక్కొక్కటి 20 సార్లు. వేళ్లు నొప్పి పుడతాయి, రీఫిల్ అయిపోతుంది, మాటలు నోటికి వస్తాయి. కాని ‘నిన్నటికంటే ఈ రోజు త్వరగా లేచాను’ అనేది ఇంగ్లీషులో చెప్పు అని ఎవరైనా అడిగితే మనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. గడిలో ఉన్న ఎర్లియర్ గడిలోనే ఉండిపోతుంది. బయటికి రాదు.

నా అభిప్రాయం ఏమిటంటే, ఈ పాఠాన్ని మనం రోజూ చేసే పనులతో, ముందు నోటితో, తర్వాత నోటుబుక్కుతో ప్రాక్టీసు చెయ్యాలి. పుస్తకంలో జాన్ పీటర్ కంటే త్వరగా పరుగెత్తాడు అని ఉంటుంది. ఆ జాన్ ఎవరో మనకు తెలియదు, పీటర్ ఎవరో తెలియదు, వాళ్లు నిజంగా పరుగెత్తారో లేదో కూడా తెలియదు. మనం చూడని పరుగును మనం ఎట్లా పోలుస్తాం?

ముందు అడ్వర్బు అంటే ఏమిటో గట్టిగా పట్టుకోవాలి. తెలుగులో క్రియా విశేషణం అంటారు. పేరులోనే క్రియ ఉంది. ‘షి ఈజ్ ఎ స్లో గర్ల్’ అంటే ఆ స్లో అనే మాట పిల్ల మీద కూర్చుంది. అది అడ్జెక్టివ్. ‘షి రీడ్స్ స్లోలీ’ అంటే స్లోలీ అనే మాట చదవడం మీద కూర్చుంది, పిల్ల మీద కాదు. ఇది అడ్వర్బు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో నేను కింద రాస్తాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఇంకో కష్టం ఉంది. తెలుగులో ‘త్వరగా’ అనే మాట ఎప్పుడూ త్వరగానే ఉంటుంది. పోల్చాలంటే ముందు ‘కంటే’ పెడతాం. అక్కకంటే త్వరగా, అందరికంటే త్వరగా. ‘త్వరగా’కి తోక మొలవదు. మా ఇంట్లో మాట్లాడే కోయలోనూ అంతే. ఎవరికంటే అన్నది చెబుతాం గాని మాటను మార్చం. ఇంగ్లీషులో మాత్రం రెండు పనులు చెయ్యాలి. మాట చివర తోక మార్చాలి, ‘కంటే’కి బదులు ‘దాన్’ కూడా పెట్టాలి. మనం ఒకటి చేసి ఒకటి మరిచిపోతాం. ‘షి రన్స్ ఫాస్ట్ దాన్ మి’ అని రాసేవాళ్లు ప్రతి క్లాసులో ఉన్నారు. వాళ్లు తెలివి లేక రాయడం లేదు. తెలుగులో ఆలోచించి, తెలుగుకి సరిపోయినంత రాశారు. మనలో చాలామందికి ఇంటి మాట నుంచి తెలుగు ఒక వాగు, తెలుగు నుంచి ఇంగ్లీషు ఇంకో వాగు. రెండు వాగులు దాటి వచ్చేవాళ్లకి కాళ్లు తడుస్తాయి గదా.

ఇప్పుడు పోల్చడం గురించి. మా అమ్మ బడికి పోలేదు. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదటి. కాని మా అమ్మ పొద్దున లేచింది మొదలు పోలుస్తూనే ఉంటుంది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారకముందే చెట్టు కిందికి పోవాలి. రాత్రి రాలిన పువ్వు ఎండ రాకముందే ఏరాలి, లేకపోతే పశువులు తింటాయి, అడవి జంతువులు తింటాయి. ‘నిన్నటికంటే పెందలాడే లేవాలి’ అంటుంది. అది ఇంగ్లీషులో ఎర్లియర్. ఎర్లియర్ పోతే గంప నిండుతుంది, లేటర్ పోతే సగం గంప. ఎండాకాలంలో తునికాకు. 50 ఆకులు ఒక కట్ట. చిరిగిన ఆకు పెడితే కల్లం దగ్గర కట్ట తీసేస్తారు. కాబట్టి త్వరగా కోస్తే చాలదు, జాగ్రత్తగా కొయ్యాలి. మా అమ్మ కంటే మా చిన్నమ్మ త్వరగా కోస్తుంది. మా చిన్నమ్మ కంటే మా అమ్మ గట్టిగా కడుతుంది. ‘మై ఆంట్ ప్లక్స్ ఫాస్టర్ దాన్ మై మదర్. మై మదర్ టైస్ మోర్ టైట్లీ దాన్ మై ఆంట్.’ చూశారా, ఎవరు గొప్ప అనే తగాదా లేదు. కోయడంలో ఒకరు, కట్టడంలో ఒకరు. ఈ రెండు వాక్యాలు నేను ఒక్కసారే రాశాను, 20 సార్లు రాయలేదు. మరిచిపోలేదు.

నియమాలు వద్దు అని నేను అనడం లేదు. నియమాలు కావాలి. అవి పెద్ద కష్టం కూడా కాదు. ఫాస్ట్, హార్డ్, లేట్, సూన్, హై, లాంగ్ లాంటి పొట్టి మాటలకి తోక చేరుతుంది. ఫాస్టర్, ఫాస్టెస్ట్. హార్డర్, హార్డెస్ట్. ‘లీ’తో ముగిసే స్లోలీ, నీట్లీ, కేర్‌ఫుల్లీ, సాఫ్ట్లీ లాంటి వాటి ముందు మోర్, మోస్ట్ పెడతాం. మోర్ నీట్లీ, మోస్ట్ నీట్లీ. ఇక్కడ ఎర్లీ ఒక్కటి దొంగ. దానికీ చివర లీ ఉంది, కాని మోర్ ఎర్లీ అనరు, ఎర్లియర్, ఎర్లియెస్ట్ అంటారు. ఎందుకంటే స్లో అనే అడ్జెక్టివ్‌కి లీ చేర్చి స్లోలీ అనే అడ్వర్బు చేస్తాం గాని, ఎర్లీ మాత్రం అడ్జెక్టివ్‌గానూ అడ్వర్బుగానూ అదే మాట.

కొన్ని మాటలు పూర్తిగా వేషం మారుస్తాయి. వెల్, బెటర్, బెస్ట్. బ్యాడ్లీ, వర్స్, వర్స్ట్. లిటిల్, లెస్, లీస్ట్. మచ్, మోర్, మోస్ట్. ఫార్, ఫార్దర్, ఫార్దెస్ట్. వీటికి దారి లేదు, గుర్తు పెట్టుకోవడమే. ఈ అయిదింటిని 20 సార్లు రాయమంటే నేనూ రాస్తాను.

‘మోర్ ఫాస్టర్’ అని మనవాళ్లు ఇష్టంగా అంటారు. అది రెండుసార్లు ఉప్పేసిన పప్పు. ఫాస్టర్‌లోనే ‘ఇంకా’ ఉంది, మళ్లీ మోర్ ఎందుకు? అట్లాగే ‘దాన్’ రాయాల్సిన చోట ‘దెన్’ రాస్తారు. మధ్యలో ఎ ఉంటే కంటే, ఇ ఉంటే అప్పుడు. ఒక్క అక్షరంతో పోలిక కాస్తా కథ అయిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదం హార్డ్, హార్డ్లీ. నీట్‌కి లీ చేర్చి నీట్లీ చేసినట్టు హార్డ్‌కి కూడా లీ చేర్చేస్తాం. కాని హార్డ్లీ అంటే ‘దాదాపు లేదు’ అని అర్థం. ‘అవర్ వార్డెన్ వర్క్స్ హార్డ్’ అంటే మన వార్డెన్ కష్టపడి పనిచేస్తారు. ‘అవర్ వార్డెన్ హార్డ్లీ వర్క్స్’ అంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మేడం గారు క్షమించాలి, ఇది ఉదాహరణ మాత్రమే. లేట్, లేట్లీ కూడా అంతే. లేట్లీ అంటే ఆలస్యంగా కాదు, ఈ మధ్య కాలంలో అని.

ఇక అసలు సంగతికి వస్తాను. మన హాస్టల్లో సూపర్లేటివ్ వాడకం చాలా ఎక్కువ. అది గ్రామర్ పుస్తకంలో కాదు, వరండాలో. పోయిన ఏడాది 6వ తరగతిలో చేరిన ఒక చెల్లిని అందరూ ‘స్లోయెస్టు’ అని పిలిచేవాళ్లు. ప్లేటు కడిగే దగ్గర స్లోయెస్టు, బోరింగు దగ్గర స్లోయెస్టు, రోల్ కాల్‌లో కూడా ఎవరో వెనక నుంచి స్లోయెస్టు అంటే నవ్వులు. సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయి ఆ చెల్లి 12 రోజులు ఆలస్యంగా వచ్చింది. వాళ్ల నాయన తీసుకొచ్చాడు. ఇంట్లో ‘అక్కడ నన్ను స్లోయెస్టు అంటారు, నేను పోను’ అని ఏడ్చిందట. ఆయనకు ఇంగ్లీషు రాదు. అదేదో జబ్బు పేరు అనుకున్నాడు. వచ్చీ రాగానే ఏఎన్ఎం మేడం దగ్గరికి పోయి, మా పాపకు స్లోయెస్టు వచ్చిందంట, మందు ఏమన్నా ఉందా అని అడిగాడు. మేడం నవ్వలేదు. పక్కనున్న మేము కూడా నవ్వలేకపోయాము.

ఇప్పుడు గ్రామర్‌తో ఆలోచించండి. స్లోయెస్టు అంటే ఏ పనిలో? క్రియ ఎక్కడ ఉంది? ఆ చెల్లి ఇంగ్లీషు పాఠం నెమ్మదిగా చదువుతుంది, అది నిజం. కాని నోటిలెక్కలు 8వ తరగతి వాళ్లకంటే త్వరగా చెబుతుంది. మేము కాగితం మీద రాసుకునే లోపల జవాబు చెప్పేస్తుంది. కాబట్టి సరైన వాక్యాలు ఇవి: ‘షి రీడ్స్ మోర్ స్లోలీ దాన్ అస్. షి కౌంట్స్ ఫాస్టర్ దాన్ అస్.’ రెండు క్రియలు, రెండు అడ్వర్బులు, రెండూ నిజాలు. క్రియ తీసేసి స్లోయెస్టు అని పిలిస్తే ఒక నిజాన్ని పిల్ల నెత్తిన పెట్టి, ఇంకో నిజాన్ని దాచినట్టు. చదవడం రేపు మారుతుంది. నెత్తిన పెట్టిన పేరు అంత తొందరగా దిగదు.

పైగా స్లోలీ అనేది తిట్టు కాదు. ఏ క్రియతో ఉంది అనేది చూడాలి. మాలావత్ పూర్ణ మనందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, గిరిజన బాలిక, మనలాగే గురుకుల హాస్టల్లో చదివింది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 సంవత్సరాల 11 నెలలు. అంటే ఇప్పటి నా వయసు కంటే చిన్నది. ఎవరెస్ట్ ఎత్తు 8,848 మీటర్లు పైన. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుంది. తొందరగా ఎక్కితే తలనొప్పి, వాంతులు వస్తాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. అందుకని కొంచెం ఎక్కి, శరీరానికి అలవాటు చేసి, మళ్లీ ఎక్కుతారు. అక్కడ మోర్ స్లోలీ ఎక్కినవాళ్లే హైయర్ ఎక్కుతారు. కొండ దగ్గర పుట్టిన మనకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. కట్టెల మోపుతో గుట్ట దిగేటప్పుడు మా తాత అనే మాట కూడా ఇదే, నెమ్మదిగా దిగు అని.

ఇంకొక ఉదాహరణ పి.టి. ఉష. 1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో ఆమె నాలుగో స్థానం. మూడో స్థానం వచ్చిన ఆమెది 55.41 సెకన్లు, ఉషది 55.42. సెకనులో నూరో వంతు! రెప్ప కొట్టినంత కూడా కాదు. సూపర్లేటివ్‌తో రాస్తే ఉషకు ఒక్క వాక్యం కూడా రాదు, ఎందుకంటే ఆమె ఫాస్టెస్ట్ కాదు. కంపారిటివ్‌తో రాస్తే ‘ఓన్లీ త్రీ విమెన్ రాన్ ఫాస్టర్ దాన్ ఉష ఇన్ దట్ రేస్’ అని రాయవచ్చు. సూపర్లేటివ్‌లో ఒక్కరికే కుర్చీ ఉంటుంది, కంపారిటివ్‌లో అందరికీ చాప వెయ్యవచ్చు. లైబ్రరీలో జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఒలింపిక్స్ నినాదం చూశాను. ఫాస్టర్, హైయర్, స్ట్రాంగర్. మూడూ కంపారిటివ్‌లే, ఫాస్టెస్ట్ అని లేదు! 2021లో దానికి టుగెదర్ అని ఇంకో మాట చేర్చారు. టుగెదర్ కూడా అడ్వర్బే. దానికి టుగెదరర్, టుగెదరెస్ట్ లేవు. నేను డిక్షనరీలో కూడా వెతికాను.

కొందరు అక్కలు నాతో అన్నారు, పబ్లిక్ పరీక్షలో మార్కులు కావాలి గదా, కబుర్లు చెప్పుకుంటే మార్కులు వస్తాయా అని. వాళ్ల పాత ప్రశ్నపత్రాలే చూశాను. మూడు గళ్లు గీసి నింపమని అడగరు. ఒక వాక్యం ఇచ్చి డిగ్రీ మార్చమంటారు. ‘షి సింగ్స్ మోర్ స్వీట్లీ దాన్ ఎనీ అదర్ గర్ల్ ఇన్ ది హాస్టల్’ అని ఇస్తే ‘నో అదర్ గర్ల్ ఇన్ ది హాస్టల్ సింగ్స్ ఆజ్ స్వీట్లీ ఆజ్ షి డజ్’ అని రాయగలగాలి. మొత్తం వాక్యం తిప్పాలి. గళ్లు బట్టీ పట్టినవాళ్లకి స్వీట్లీ, మోర్ స్వీట్లీ వస్తుంది గాని వాక్యం తిరగదు. రోజూ నోటితో తిప్పినవాళ్లకి తిరుగుతుంది.

ఇంకొందరు స్టడీ అవర్‌లో మాట్లాడితే గోల అవుతుంది అన్నారు. ఇప్పుడు అందరూ కలిసి ఫాస్ట్ ఫాస్టర్ అని అరిచే గోల కంటే ఎక్కువ కాదు అని నా సమాధానం.

కాబట్టి వార్డెన్ మేడం గారికి, ఇంగ్లీషు టీచర్ గారికి మా విన్నపం. స్టడీ అవర్‌లో మొదటి 10 నిమిషాలు మాకు ఇవ్వండి. ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. ఆ రోజు నిజంగా జరిగిన పని గురించి ఒకరు వాక్యం చెబుతారు, రెండోవాళ్లు దాన్ని తిప్పుతారు. ‘ఐ గాట్ అప్ ఎర్లియర్ దాన్ యూ.’ ‘యూ గాట్ అప్ ఎర్లియర్, బట్ ఐ ఫోల్డెడ్ మై బ్లాంకెట్ మోర్ నీట్లీ.’ 20 సార్లు రాసే ఇంపోజిషన్‌కి బదులు 5 నిజమైన వాక్యాలు రాస్తాం. అబద్ధం రాస్తే పక్కవాళ్లు పట్టుకుంటారు, వాళ్లు చూశారు గదా. వారానికి ఒకసారి డైనింగ్ హాలు గడియారం కింద కూర్చుని ఒకే పేజీ చదువుతాం. పోయిన వారం ఎన్ని నిమిషాలు, ఈ వారం ఎన్ని నిమిషాలు. ‘ఐ రీడ్ ఫాస్టర్ దాన్ లాస్ట్ వీక్.’ ఇందులో పక్క పిల్లతో పోలికే లేదు, నిన్నటి నాతోనే నాకు పోలిక. ఇంగ్లీషులో దీనికి కూడా అదే ఫాస్టర్, అదే దాన్.

సూపర్లేటివ్ మానేద్దాం అనడం లేదు. పండుగ బట్టల్లాగా అప్పుడప్పుడు వాడదాం. వాడినప్పుడు ఏ పనిలో, ఎంతమందిలో అనేది తప్పక చెప్పాలి. ‘షి జంప్స్ హైయెస్ట్ ఇన్ అవర్ క్లాస్’ అంటే ఎవరికీ బాధ లేదు. క్రియ లేకుండా ఒక పిల్లని డల్లెస్టు, స్లోయెస్టు అని పిలిస్తే దాన్ని గ్రామర్ తప్పు కింద లెక్క వెయ్యమని మా కోరిక. పెద్దవాళ్లు పిలిచినా సరే.

ఈ పత్రిక కింద ఒక తెల్ల కాగితం అంటించాను. దారంతో పెన్సిలు కట్టాను, దయచేసి ఎవరూ తీసుకుపోవద్దు. మీరు ఈ వారం నిన్నటికంటే బాగా, త్వరగా, నీటుగా, లేదా నెమ్మదిగా చేసిన పని ఒక్కటి ఇంగ్లీషులో రాయండి. తెలుగు అక్షరాలతో రాసినా ఫరవాలేదు. మొదటి వాక్యం రాయమని ఆ 6వ తరగతి చెల్లినే అడిగాను. నిన్న రాత్రి రాసింది. అందులో స్పెల్లింగు ఒకటి తప్పుంది, దాన్ మాత్రం సరిగ్గా ఉంది. సోమవారం కాగితం నిండితే కొత్తది అంటిస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని